చెవిరాయి

మా మార్కెట్లో చేపలు కోసే ఆవిడని అందరూ పొలుసుల పిన్ని అంటారు. అసలు పేరు పెట్టి పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. ఎంత తోముకున్నా ఒంటి మీద ఎక్కడో ఒక పొలుసు మిగిలిపోతుంది. చెవి వెనకో, కళ్ళజోడు మీదో, మోచేతి మడతలోనో. మనవరాల్ని ముద్దు పెట్టుకుంటే ఆ పిల్ల చెంప మీద ఒకటి మెరుస్తూ ఉండేది.

పదిహేనో ఏట తల్లి పక్కన కూర్చుని కత్తి పట్టింది. తల్లి పోయాక ఆమె చేపలు కోసే మొద్దు, ఆమె చోటు పిన్నికి వచ్చాయి. మొద్దు నడిమధ్య గిన్నెలా అరిగిపోయింది. కొట్టు మాత్రం పిన్ని వాళ్ళ అన్నయ్యది. తూచి అమ్మడం ఆయన పని, కోసి కడిగి ఇవ్వడం ఈమె పని. ఆయన్ని అందరూ తక్కెడ మామయ్య అంటారు. తూకంలో ఒక్క ముల్లు అటూ ఇటూ పోనివ్వడు, మాటలో మాత్రం ఎంతైనా పోనిస్తాడు.

నా గడియారాల కొట్టు మార్కెట్ గేటు పక్కనే. ఇరవై ఏళ్ళుగా ఆదివారం చేపలు వాళ్ళ దగ్గరే కొంటున్నాను. ఇక్కడ చెప్పబోయేదాంట్లో చాలావరకు నేను చూసిందే. మిగతాది పిన్ని చెప్పింది. ఆమె భర్త, ఐసు బాబాయి, చెప్పినదాంట్లో సగం తీసేశాను. ఐసు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మనిషి కదా, గ్లాసుడు నీళ్ళిస్తే దిమ్మె చేసి చూపిస్తాడు.

ఆరేళ్ళ కిందట ఒక ఉదయం ఒక అమ్మాయి కొట్టు ముందు నిలబడి చేప తలకాయలు కావాలంది. చేతిలో చిన్న పట్టకారు, భుజాన సంచి, సంచి నిండా కాగితపు కవర్లు. పిల్లికా అని మామయ్య అడిగాడు. చదువుకి అంది. తలకాయలతో చదువు చెప్పే బడి ఏదో మా రోజుల్లో ఉంటే నేనూ నాలుగు ముక్కలు నేర్చుకునేవాణ్ణని మామయ్య నవ్వాడు. ఆ అమ్మాయికి కావలసింది తల కాదు, తల లోపలి రాయి. ఎముకలున్న ప్రతి చేపకీ మెదడు కింద, అటొకటి ఇటొకటి, చిన్న తెల్ల రాళ్ళుంటాయి. అవి దాని చెవి లోపలివి, చెవిరాళ్ళంటారు. పిన్నికి ఆ రాళ్ళు కొత్త కాదు. చేపల పులుసులో పంటికింద పడతాయని తీసి పారేసేది. నలభై ఏళ్ళలో బస్తాలు పారేశానంది. అమ్మాయి కత్తి ఎక్కడ పెట్టాలో చూపిస్తుంటే పిన్ని ఒక్క వేటులో తల తెరిచి రెండు రాళ్ళూ అరచేతిలో పెట్టింది. అమ్మాయి నోరు తెరిచింది. తనకి ఒక్కో తలకి పావుగంట పడుతుందట.

అలా కుదిరింది స్నేహం. రోజూ పొద్దున వచ్చి ప్రతి చేప పొడవూ కొలిచి రాసుకునేది కాబట్టి ఆమె కొలతలమ్మాయి అయింది.

ఆమె గది సైకిల్ షాపు పైన. ఒక బల్ల, ఒక కిటికీ, గోడ పొడవునా సీసాలు. ఆమె మైక్రోస్కోపు మర జారిపోతోందని నా దగ్గరికి వచ్చింది. గడియారం మరలు బిగించే చేతికి అదేమంత పని కాదు. దాన్ని బాగుచేసి ఇవ్వడానికి వెళ్ళిన రోజే పిన్ని కూడా మొదటిసారి ఆ గదికి వచ్చింది. పిన్ని కోసిచ్చిన తలకాయల్లో ఒకదాని సంగతి చూపించాలని అమ్మాయే రమ్మందట.

అది ఎర్ర చేప. లోతు నీళ్ళలో, రాళ్ళ సందుల్లో ఉంటుంది. మూరన్నర పొడవు. మా మార్కెట్లో అంతకంటే పెద్ద చేపలు రోజూ దిగుతాయి, దాన్ని చూసి ఎవరూ ఆగరు. అమ్మాయి దాని చెవిరాయిని జిగురులో పోతపోసి, సన్నటి రంపంతో కాగితమంత పల్చగా కోసి, గాజు పలక మీద అంటించింది. పిన్ని ముందు ఆ కోతనే చూసింది. ఇంత పల్చగా తానైతే కొయ్యలేనంది. తర్వాత మైక్రోస్కోపుకి కన్ను ఆనించింది.

చాలాసేపు తియ్యలేదు.

తర్వాత నేనూ చూశాను. వెలుతురులో తేనె రంగు, అందులో గీతలు. లోపల ఎడంగా, బయటికి వచ్చేకొద్దీ దగ్గర దగ్గరగా, చివరికి వెంట్రుకల్లా ఒకదాన్నొకటి ఆనుకుని. ఏడాదికో గీత అని అమ్మాయి చెప్పింది. చెట్టు మొద్దులో వలయాలుంటాయే, అలాగే. అదే బొమ్మని కంప్యూటర్ తెర మీద పెద్దది చేసి పెట్టింది. పిన్ని అగ్గిపుల్ల ఒకటి అడిగి తీసుకుని, పెదాలు కదుపుతూ ఒక్కో గీతా లెక్కపెట్టింది. మొదటిసారి అరవై వచ్చింది. మళ్ళీ లెక్కపెట్టింది. అరవై ఒకటి. అమ్మాయి పుస్తకంలోనూ అరవై ఒకటే రాసి ఉంది.

"నాకు యాభై ఎనిమిది," అంది పిన్ని. "అంటే ఇది నాకు అక్క వరస."

అగ్గిపుల్లని మూడో గీత మీద ఆనించి, ఇక్కడ నేను పుట్టానంది. పద్దెనిమిదో గీత దగ్గర కత్తి పట్టింది. ఇరవై మూడు, పెళ్ళి. ఇరవై ఏడు, కూతురు. ముప్పై ఎనిమిదో గీత దగ్గర అగ్గిపుల్ల ఆగిపోయింది. అది తల్లి పోయిన ఏడు.

"ఇన్ని జరుగుతుంటే ఇది అక్కడే ఉందా? ఆ నీళ్ళలోనే?"

"దాదాపు అవే రాళ్ళ దగ్గర," అంది అమ్మాయి. "ఇవి పెద్దగా తిరగవు పిన్నీ."

ఇంకా చెప్పింది. ఈ జాతి చేప గుడ్లు పెట్టే ఈడుకి రావడానికే ఏడెనిమిదేళ్ళు పడుతుంది. వయసు మళ్ళేకొద్దీ గుడ్లు తగ్గవు, పెరుగుతాయి. ఇలాంటి ముసలి తల్లి ఒక్కతి పెట్టినన్ని గుడ్లు పడుచు తల్లులు పది మంది కలిసినా పెట్టలేరు. మనం పెద్దది, బాగుంది అని ఏరి మరీ కొనేది ఆ తల్లినే. పిన్ని మెట్లు దిగింది. కింద సైకిల్ షాపు ముందు నిలబడి తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకుంది.

ఆ పూట ఇంట్లో అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదట. ఐసు బాబాయి కారణం అడిగితే, ఇవాళ నాకంటే పెద్దదాన్ని కోశానని తెలిసిందంది. బాబాయి, ముప్పై ఎనిమిదేళ్ళుగా నా పీక కోస్తూనే ఉన్నావు, నేనూ నీకంటే పెద్దవాణ్ణేగా అన్నాడు. మామూలుగా అయితే గరిటె విసిరేది. ఆ రోజు ఆ మాట చెవినే పడలేదు. అప్పుడు బాబాయికి భయం వేసిందట. ఈ ముక్క మాత్రం ఆయన పెంచి చెప్పలేదనే నమ్ముతాను.

మర్నాటి నుంచి పిన్ని చెప్పడం మొదలుపెట్టింది. కోత ఆపలేదు, ఎవరినీ తప్పుపట్టలేదు. ఎర్ర చేప మొద్దు మీదికి రాగానే మూరతో కొలిచి, కొన్నవాళ్ళ మొహం చూసి, వరస కలిపేది. ఇంత పొడవుందంటే ముప్పై దాటినట్టే, మీ పెద్దబ్బాయి వయసు. ఇదైతే తక్కువలో తక్కువ నలభై ఐదు, మీకు వదిన అవుతుంది. జనం ముందు నవ్వేవాళ్ళు, తర్వాత నిజమేనా అనేవాళ్ళు, నిజమని తెలిశాక అయ్యో పాపం అనేవాళ్ళు. ఆ తర్వాత, ముక్కలు కొంచెం సన్నగా కొట్టు పిన్నీ అనేవాళ్ళు.

నేనూ అంతే. మా తమ్ముడి ఈడు చేపని సంచిలో వేసుకుని ఇంటికెళ్ళాను. మా ఆవిడకి ఆ సంగతి చెబితే, వయసు చెప్పి వండమంటే చెయ్యి ఎలా ఆడుతుందండీ, తిన్నాక చెప్పాల్సిందంది. అయినా వండింది. అబద్ధమెందుకు, రుచిగానే ఉంది.

కొలతలమ్మాయి చదువులో ఇంకో భాగం కూడా ఉంది. జనాన్ని ప్రశ్నలడగడం. సముద్రాన్ని కాపాడటం ముఖ్యమా? అందుకోసం మీరు కొనే చేప మార్చుకుంటారా? మార్కెట్ గేటు దగ్గర నిలబడి నెల రోజులు అడిగింది. పదిమందిలో తొమ్మిదిమంది మార్చుకుంటామన్నారు. నేనూ అన్నాను. లోపలికి వెళ్ళి వాళ్ళు ఏం కొన్నారో కూడా ఆమె రాసుకుంది. మారినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ కాగితాలు మొద్దు పక్కన పరిచి, వీళ్ళంతా అబద్ధం ఎందుకు చెప్పారు పిన్నీ అని బాధపడింది.

"అబద్ధం కాదమ్మా," అంది పిన్ని. "అడిగినప్పుడు అందరూ మంచోళ్ళే. సంచి చేతిలో పట్టుకున్నాకే ఎవరి ఇల్లు వాళ్ళకి గుర్తొస్తుంది."

ఇంతలో అనుకోని పక్క నుంచి దెబ్బ తగిలింది. మార్కెట్ వెనక వీధిలో ఒక పెద్ద హోటలుంది. దాని యజమాని చెవిన ఈ వయసుల సంగతి పడింది. ముచ్చటపడ్డాడు. ఎంత ముసలి చేపైతే అంత గొప్ప అనుకున్నాడు. వారం తిరక్కుండా హోటలు ముందు బోర్డు లేచింది. యాభై ఏళ్ళ ఎర్ర చేప, ఆదివారం మాత్రమే. జనం విరగబడ్డారు. పడవలవాళ్ళు ఇంకా దూరం, ఇంకా లోతుకి వెళ్ళారు. తక్కెడ మామయ్య, చెల్లెలి నోరు ఇన్నాళ్ళకి అక్కరకొచ్చిందని సంబరపడ్డాడు.

పిన్ని మూడు రోజులు ఎవరికీ వరస కలపలేదు. పొయ్యి ఆర్పబోయి నూనె పోసినట్టయిందని మాత్రం నాతో అంది. నాలుగో రోజు హోటలాయనే వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గరికి వచ్చి, నాలుగు మాటలు చెప్పి, చేప వయసెంతో అందరి ముందూ ప్రకటించాలన్నాడు. మామయ్య ఆమె తరఫున సరేనన్నాడు. పిన్ని కూడా సరే అంది. ఒక్కటే అడిగింది. ఆ అమ్మాయి మిషను కూడా తెచ్చుకోవచ్చా అని. దానికేం, ఇంకా రక్తి కడుతుందన్నాడు ఆయన.

మైక్రోస్కోపు మోసింది నేనే కాబట్టి ఆ మధ్యాహ్నం అక్కడ ఉన్నాను. పెద్ద హాలు, తెల్ల గుడ్డలు పరిచిన బల్లలు, గిన్నెల మీంచి ఆవిరి. పిన్ని ఉతికిన బట్టలు కట్టుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని నిలబడింది. హోటలాయన ఆమెని గొప్పగా పరిచయం చేశాడు. ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు. పోయిన ఆదివారం ఇక్కడ వడ్డించిన పెద్ద చేప చెవిరాయి ఈ గాజు మీద ఉందనీ, దాని వయసు అరవై ఎనిమిదనీ, ఎవరి ఏడు వాళ్ళు వెతుక్కోవచ్చనీ చెప్పి పక్కకి తప్పుకుంది.

ముందుగా ఒక పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటుంది, కొడుకు చెయ్యి పట్టుకుని వచ్చింది. కన్ను ఆనించింది. అమ్మాయి పక్క నుంచి నెమ్మదిగా దారి చెప్పింది. నడిమధ్య చుక్క దగ్గర పుట్టింది, అక్కణ్ణుంచి బయటికి రండి.

"నేను బళ్ళో చేరిన ఏడు పుట్టిందన్నమాట," అంది ఆవిడ. తల ఎత్తలేదు. అలా చూస్తూనే, కొడుకుతో అంది. "పోయిన వారం నేనూ తిన్నాన్రా. బాగుందని మళ్ళీ వేయించుకున్నాను."

హాలంతా వినబడింది. ఒకరి తర్వాత ఒకరు లేచారు. చూస్తుండగానే వరస కట్టారు. ఒకాయన తన ఉద్యోగం మొదలైన ఏడు వెతుక్కున్నాడు. కొత్తగా పెళ్ళయిన జంట చివరి రెండు గీతల దగ్గర తలలు ఆనించుకుని, ఇదేనా ఇదేనా అని గుసగుసలాడారు. ఒకావిడ చూసి, కళ్ళు తుడుచుకుని వెళ్ళి కూర్చుంది. ఆమె ఏ గీత చూసుకుందో ఎవరూ అడగలేదు. గోరంత రాయి. అందులో ఆ హాల్లో ఉన్న అందరి బతుకులూ పట్టాయి. నేను జీవితమంతా కాలాన్ని కొలిచే యంత్రాలు విప్పి బిగించినవాణ్ణి. అలాంటి గడియారం చూడలేదు.

భోజనాలు చల్లారిపోయాయి. ఎవరో ఒకాయన, ఇప్పుడు ఈ ముందున్నది తినాలా మానాలా అని అడిగాడు. వెటకారం కాదు, నిజంగానే తేల్చుకోలేక అడిగాడు.

"తినండి బాబూ," అంది పిన్ని. "వండింది పారేస్తే అది ఇంకా పాపం. మళ్ళీ అడక్కండి, అంతే. ఇది లోతులోంచి పైకొచ్చేసరికే పొట్ట ఉబ్బి, కళ్ళు బయటికొచ్చి చచ్చిపోతుంది. పడవవాడు జాలిపడి వదిలేసినా బతకదు. అడిగేవాళ్ళు లేకపోతేనే అక్కడ గాలం పడదు."

సగం మంది తిన్నారు, సగం మంది తినలేదు. హోటలాయన మొహం గంటు పెట్టుకున్నాడు. అందరూ వెళ్ళాక, మేం మిషను సర్దబోతుంటే, ఆగమని సైగ చేసి వచ్చి తనూ వంగి చూశాడు. ఇరవై మూడో గీత ఏదని అమ్మాయిని అడిగాడు. ఆయన వయసు నలభై ఐదు. చూశాక మమ్మల్ని పంపించేశాడు. బుధవారానికి బోర్డు లేదు. ఎవరైనా అడిగితే గాలికి పడిపోయిందనేవాడు. ఆ వారం ఆకు కూడా కదల్లేదు.

అంతటితో లోకం మారిపోయిందని చెప్పను. పక్క వీధి కొట్లలో ఎర్ర చేప ఇప్పటికీ దొరుకుతుంది. ఆ రోజు కళ్ళు చెమర్చినవాళ్ళలో కొందరు నెల తిరక్కుండా మళ్ళీ కొన్నారు, పిన్నికి కనపడకుండా వేరే కొట్లో. కానీ కొందరు కొనలేదు. వాళ్ళు పిన్ని దగ్గరికొచ్చి, మరి ఏది కొనమంటావ్ అని అడగడం మొదలుపెట్టారు. ఏడాదికే పెరిగి గుడ్లు పెట్టేసే చిన్న వెండి చేపలు చూపించేది. ముళ్ళెక్కువని మూతి ముడిచేవాళ్ళు. ముల్లు తీసే ఒడుపు ఆమె పక్కన కూర్చోబెట్టుకుని నేర్పేది. మా ఆవిడా అలాగే నేర్చుకుంది. ఆదివారం పూట మైక్రోస్కోపు మామయ్య కొట్లోనే ఒక పీట మీద ఉండేది. జనం చేపలు కొనడానికి కాకుండా తమ ఏడు వెతుక్కోవడానికి కూడా వచ్చేవాళ్ళు. తర్వాతి ఏడు కొలతలమ్మాయి ఎవరినీ ప్రశ్నలడగలేదు. కొట్లో అమ్మినవి మాత్రం లెక్కపెట్టింది. రోజూ అయిదారు కోసే చోట ఎర్ర చేప వారానికి ఒకటో రెండో వస్తోంది.

మామయ్య సంగతి చెప్పాలి. ఆయన, జనం అడిగిందే నేను అమ్ముతాను, నాకు సముద్రమూ తెలీదు శాస్త్రమూ తెలీదనేవాడు. ఒక రోజు పడవ నడిపే సరంగు ఒక పెద్ద ఎర్ర చేపని రెండు చేతులా పట్టుకుని తెచ్చి దింపాడు. మామయ్య దాన్ని చాలాసేపు చూసి, మా చెల్లెలు ఇలాంటివి కొయ్యదు, తీసుకెళ్ళు అన్నాడు. సరంగు విసుక్కుంటూ వెళ్ళిపోయాడు.

"నేను కొయ్యనని ఎప్పుడన్నాను?" అంది పిన్ని.

"నువ్వనలేదు," అన్నాడు మామయ్య, తక్కెడ పళ్ళెం తుడుస్తూ. "నేనే అన్నాను."

ఆ తర్వాత ఆ సరంగు అంత పెద్దదాన్ని మా మార్కెట్కి తేలేదు. వేరే చోటికి తీసుకెళ్ళాడేమో తెలీదు. కొన్నాళ్ళకి అటువైపు వెళ్ళడమే తగ్గించానని తనే చెప్పాడు, పడవ డీజిల్ ఖర్చు దండగని.

కిందటి ఏడు కొలతలమ్మాయి చదువు పూర్తయింది. వెళ్ళేముందు పిన్నిని ఒక రోజు సముద్రం మీదికి తీసుకెళ్ళింది. నలభై ఏళ్ళకి పైగా సముద్రం మీదే బతికిన మనిషి, ఎప్పుడూ పడవ ఎక్కలేదు. అది చేపలు పట్టే పడవ కాదు. తాడు కొసన ఒక కెమెరా, దానికో దీపం కట్టి లోతుకి దింపి చూసే పడవ. ఐసు బాబాయి కూడా ఎక్కాడు. అందరికంటే ముందు వాంతి చేసుకున్నదీ ఆయనే.

పడవలోని తెర మీద మొదట నీలం, తర్వాత ముదురు నీలం, తర్వాత ఏమీ లేదట. అంతా నలుపు. ఆ నలుపులో దుమ్ములాంటిది మెల్లగా రాలుతోంది. రాళ్ళు కనబడ్డాయి. వాటి మీద విసనకర్రల్లాంటివేవో ఊగుతున్నాయి. చాలాసేపు ఏమీ జరగలేదు. అప్పుడు రాతి వెనక నుంచి ఒకటి వచ్చింది. మొద్దు మీద చూసే ఎరుపు కాదది, అలాంటి రంగు తను ఎప్పుడూ చూడలేదంది పిన్ని. వచ్చి దీపం ముందు నిలబడింది. భయం లేదు, తొందర లేదు. రెక్కలు గాలికి ఆరేసిన గుడ్డలా ఆడుతున్నాయి. బుగ్గలు తెరుచుకుంటూ మూసుకుంటూ, ఆ కన్ను మాత్రం తిన్నగా ఇటే చూస్తోంది.

పిన్ని కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఎన్ని వేలు కోశానో," అంది. "ఇది ఇలా నిలబడుతుందని నాకు తెలీదమ్మా."

దాని వయసెంత ఉంటుందని బాబాయి అడిగాడు. రాయి తీస్తే గానీ చెప్పలేమంది అమ్మాయి. అయితే వద్దులే అంది పిన్ని, తెర మీంచి చూపు తిప్పకుండా. అది కాసేపు అలాగే నిలబడి, నెమ్మదిగా తిరిగి, రాళ్ళ వెనక్కి వెళ్ళిపోయింది. కెమెరా పైకి లాగడానికి చాలా సమయం పట్టింది. ఆ సేపంతా పడవలో ఎవరూ మాట్లాడలేదని బాబాయి చెప్పాడు. ఆయన కూడా.